కడుపులో తన్నిన కాళ్లు

నిరోషకు కోపం ఎక్కువని తార్నాకలో వాళ్ల సందులో అందరూ అంటారు. పాల ప్యాకెట్ల దుకాణం దగ్గర ఎవరైనా ఆమె పాపను చూసి "అయ్యో" అన్నారంటే, ఎందుకు అయ్యో అని నిలదీసి అడుగుతుందట. అది నిజమే. అయితే ఆమె మొదటినుంచీ అట్లాంటి మనిషి కాదు.

జనగామ దగ్గరి పల్లె నుంచి ఎం.ఏ. చదవడానికి యూనివర్సిటీకి వచ్చిన కొత్తలో, లేడీస్ హాస్టల్లో ఆమె నవ్వితే పక్క గదులవాళ్లు తలుపు తీసి ఏమిటని చూసేవాళ్లు. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. హిస్టరీలో పిహెచ్.డి. సీటు వచ్చిన రోజున తండ్రి ఉప్పలయ్య ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. దేంట్లో సీటని ఎవరైనా అడిగితే మాత్రం "పెద్ద సదువు" అని ఊరుకునేవాడు. కాకతీయుల నాటి చెరువుల కింద సాగు ఎట్లా నడిచిందన్నది ఆమె పరిశోధన. చిన్నప్పుడు తూము దగ్గర చేపలు పట్టిన పిల్ల, ఆ తూము ఎవరు కట్టారో తేల్చే పనిలో పడింది.

ప్రేమ్ కుమార్ ఎం.ఏ.లో ఆమెతో కలిసి చదివినవాడు. లాలాగూడ రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగాడు. తండ్రి వర్క్‌షాపులో పనిచేస్తూనే పోతే, ఆ ఉద్యోగం కొడుక్కి ఇచ్చారు. చదువు అక్కడితో ఆపి వెల్డింగు పనిలో చేరాడు. తల్లి పేరు పోచమ్మ. బాప్తిస్మం తీసుకున్నప్పుడు మరియమ్మ అని పెట్టారు గానీ పాస్టరు ఇమ్మానుయేల్ తప్ప ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. నిరోషతో పెళ్లయ్యాక క్యాంపస్‌కు దగ్గరగా ఉంటుందని తార్నాకలో చిన్న వాటా తీసుకుని ముగ్గురూ అక్కడికి మారారు.

నిరోషకు నెలలు నిండుతున్నా లైబ్రరీకి వెళ్లడం మానలేదు. కడుపులో బిడ్డ తన్నడం అంతా ఇంతా కాదు. పుస్తకాన్ని పొట్టకు ఆనించుకుని చదువుతుంటే పుస్తకం కదిలేది. పక్కన కూర్చునే స్నేహితురాలు సుధామయి అది చూసి, నవ్వు బయటికి రాకుండా నోటికి చున్నీ అడ్డం పెట్టుకునేది. ఆఖరి నెలలో తన్నులన్నీ కింద పొత్తికడుపులో తగలసాగాయి. ఒక్కోసారి రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, చెట్టు మొదలు పట్టుకుని నిలబడేది.

కాన్పు కోసం వాళ్ల సందుకు దగ్గర్లోనే ఉన్న డాక్టర్ కమలాదేవి నర్సింగ్ హోంలో చూపించుకునేది. కోస్తా నుంచి వచ్చి ఎన్నో ఏళ్లుగా అక్కడే స్థిరపడిన డాక్టరు. హస్తవాసి మంచిదని పేరు. తొమ్మిదో నెల స్కానింగులో బిడ్డ తల పైకి, కూర్చున్నట్టుగా ఉందని తేలింది. కమలాదేవి పొట్ట మీద చెయ్యి వేసి, "భలే హుషారుగా ఉంది, కానీ తిరగడంలేదు. ఆపరేషన్ చేసేద్దాం" అని తేదీ కూడా చెప్పింది.

ఆ తేదీ దాకా నొప్పులు ఆగలేదు. ఆదివారం పొద్దున మొదలయ్యాయి. కమలాదేవి బంధువుల పెళ్లికి ఊరు వెళ్లింది. నర్సింగ్ హోంలో ఉన్నది డ్యూటీ డాక్టరమ్మ ఒక్కతే, నిరోష ఈడు పిల్ల. ఫోన్ చేస్తే, బయల్దేరాను, వచ్చి నేనే ఆపరేషన్ చేస్తాను, అంతదాకా చూస్తూ ఉండమని కమలాదేవి చెప్పిందట. ప్రేమ్ కుమార్ వేరే ఆసుపత్రికి తీసుకుపోతానన్నాడు. మేడమ్ దారిలో ఉన్నారు, ఇప్పుడు కదిలించకూడదు అన్నారు. మళ్లీ అడిగినా అదే మాట. మధ్యాహ్నానికి బిడ్డ కాళ్లు బయటికి వచ్చాయి.

కాళ్లు వచ్చాయి, నడుము వచ్చింది, భుజాలు కూడా వచ్చాయి. తల రాలేదు. ఎవరో నిరోష పొట్ట మీద నొక్కుతున్నారు, ఎవరో కింద లాగుతున్నారు. ఆ లాగుడులో ఆమెకు చిన్న చప్పుడు వినిపించింది. పచ్చి చిక్కుడుకాయ విరిస్తే వచ్చేటంత చప్పుడు. పొట్ట నొక్కుతున్న ఆయా చేతులు ఆగిపోవడం నిరోష చూసింది. ఆపైన బిడ్డ బయటికి వచ్చింది, సన్నగా ఏడ్చింది. ఆడపిల్ల.

సాయంత్రం కమలాదేవి పట్టుచీరలోనే వచ్చింది. బిడ్డను ఎత్తి చూసి, కళ్లు ఎంత బాగున్నాయో అని మురిసింది. కాళ్లు కదపడంలేదని ప్రేమ్ అడిగితే, కడుపులో మడుచుకుని కూర్చున్న పిల్లలకు కొన్నాళ్లు అట్లాగే ఉంటుంది, అవే సర్దుకుంటాయి అంది. అంత పేరున్న డాక్టరు చెప్పాక కాదనేది ఎవరు?

పాపకు జెమీమా అని పేరు పెట్టారు. మొహం నిండా ప్రాణం ఉన్న పిల్ల. ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు తల తిప్పేది, చేతులు గాలిలో ఆడించేది. కాళ్లు మాత్రం పెట్టినచోటనే ఉండేవి. ఊపిరి తీస్తే ఛాతీ కదలక పొట్ట ఒక్కటే ఎగిసిపడేది. గుడ్డ ఎన్నిసార్లు మార్చినా కొంచెం కొంచెంగా తడుస్తూనే ఉండేది. పోచమ్మ నూనె రాస్తూ, కాళ్లు పత్తి లెక్క మెత్తగున్నయని ఒకటి రెండుసార్లు అంది. నిరోష వినీ విననట్టు గుడ్డలు మడతపెట్టుకుంది.

నెలన్నర దాటాక టీకాలకని బస్తీ దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ పిల్లలందరూ ఒకరిని చూసి ఒకరు గుక్కపట్టి ఏడుస్తున్నారు. జెమీమా తొడలో సూది దింపారు. పాప పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తూ నవ్వుతోంది. రెండో తొడలో దింపారు. అప్పుడూ అంతే. సూది వేసే సిస్టరమ్మ మెచ్చుకుని, "పిల్లలంటే గిట్ల ఉండాలె" అని చుట్టూ ఉన్న తల్లులకు చూపించింది. నిరోషకు ఒక్క నిమిషం గర్వంగానే అనిపించింది. ఆ వెంటనే సిస్టరమ్మ పాప భుజం మీద చిన్న సూది గుచ్చింది. పాప ఒళ్లంతా ఎర్రబడేలా కెవ్వుమంది.

ఓర్పు కాదది. కింద గుచ్చిన సంగతి పాపకు తెలియనే తెలియలేదు. నిరోష బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని పాప పాదాన్ని గిల్లింది. ఇంకా గట్టిగా గిల్లింది. పాప ఆమె మొహంలోకి చూసి నోరంతా తెరిచి నవ్వింది.

కమలాదేవి దగ్గరికి వెళ్తే, కొందరు పిల్లలకు ఆలస్యంగా వస్తుంది, కంగారు పడకమ్మా అని పంపేసింది. ఇంట్లో పోచమ్మ ప్రార్థన పెట్టించింది. ఇమ్మానుయేల్ పాస్టరు, సంఘంలోని ఆడవాళ్లు వచ్చి పాప చుట్టూ కూర్చున్నారు. ప్రార్థన చేస్తూ పాస్టరు నూనె రాసిన వేలితో పాప అరికాలు మీద గీశాడు. కాలు చటుక్కున పైకి ముడుచుకుంది.

ఇల్లంతా స్తోత్రాలతో నిండిపోయింది. పోచమ్మ నేల మీద పడి ఏడ్చింది. ప్రేమ్ పాప కాలును రెండు చేతుల్లో పట్టుకుని వదలలేదు. నిరోష కూడా నమ్మింది. నమ్మకుండా ఎట్లా ఉంటుంది, కళ్లముందు కదిలిన కాలు అది. మరుసటి ఆదివారం మందిరంలో లేచి నిలబడి, దేవుడు చేసిన మేలు ఇదని అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తిన్నట్టు ఆమె అంతకుముందు ఎన్నాళ్లుగానో తినలేదు.

అయినా మనసు ఒక మూల పీకుతూనే ఉంది. సుధామయి ఎవరినో పట్టుకుని పెద్ద సర్కారు ఆసుపత్రిలో చూపించే ఏర్పాటు చేసింది. అక్కడ పిల్లల నరాల డాక్టరు శశిభూషణ్ మెత్తని మనిషి. ఎం.ఆర్.ఐ. తీయించి, ఫిల్మును వెలుగుకు పట్టి, భార్యాభర్తలిద్దరినీ దగ్గరికి పిలిచి చూపించాడు. వెన్నెముక లోపల తాడులాగా దిగే వెన్నుపాము భుజాల కిందుగా ఒకచోట సన్నబడి, నూలుపోగులా మిగిలింది.

"పసిపిల్లల వెన్నెముక రబ్బరులా సాగుతుందమ్మా. లోపలి వెన్నుపాము అంత సాగదు. లాగినప్పుడు ఎముకకు ఏమీ కాలేదు, లోపల తెగింది" అన్నాడు.

కాలు కదిలింది కదా సార్ అని ప్రేమ్ అడిగాడు. డాక్టరు పాప అరికాలు మీద వేలితో గీశాడు. కాలు అట్లాగే చటుక్కున ముడుచుకుంది. ప్రేమ్ మొహం వెలిగింది. డాక్టరు ఆ మొహం వైపు చూడలేక పాప వైపే చూస్తూ చెప్పాడు.

"ఇది వెన్నుపాము కింది ముక్క దానంతట అది చేసే పని. తాకిన సంగతి కాలికి తెలుసు. పాపకు తెలియదు."

మళ్లీ అతుక్కోదా అని నిరోష అడిగింది. అతుక్కోదన్నాడు. నడవడం ఉండదు. మూత్రం ఎప్పటికప్పుడు గొట్టంతో తీయాలి, లేకపోతే కిడ్నీలు పాడవుతాయి. జలుబు చేసినా అశ్రద్ధ చేయొద్దు. చదువుకు మాత్రం ఏ లోటూ ఉండదు, బుర్రకు దెబ్బేమీ తగల్లేదు అని చెప్పాడు. అన్నీ నిదానంగా, ఏదీ దాచకుండా చెప్పిన మొదటి మనిషి ఆయనే. నిరోషకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

ఇంటికి వచ్చి అత్తకు చెప్పింది. పోచమ్మ అంతా వింది. కానీ ఆ తర్వాత రోజూ, ఎవరూ లేనప్పుడు, పాప అరికాలు మీద వేలితో గీసి ఆ కాలు ముడుచుకోవడం చూస్తూ కూర్చునేది. నిరోష రెండు మూడుసార్లు చూసింది. వద్దనకుండా లోపలికి వెళ్లిపోయింది. ఇమ్మానుయేల్ పాస్టరు తరువాత ఒకసారి వచ్చి, సాక్ష్యం అంత తొందరగా చెప్పించకుండా ఉండాల్సిందని నేల చూస్తూ అన్నాడు. సంఘంలో ఆడవాళ్లు మాత్రం, వచ్చిన మేలును తల్లి అనుమానంతో పోగొట్టుకుందని చెప్పుకున్నారు.

ఫిల్ము పట్టుకుని నిరోష కమలాదేవి దగ్గరికి వెళ్లింది. వెంట ప్రేమ్ ఉన్నాడు గానీ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కమలాదేవి ఫిల్ము చూసింది, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది కాన్పులో జరిగింది కాదమ్మా. కడుపులోనే నరం సరిగ్గా ఏర్పడలేదు. కొందరికి అలా జరుగుతుంది. నీ తప్పు కాదు, ఎవరి తప్పూ కాదు."

"కడుపుల ఉన్నప్పుడు తన్నింది మేడమ్."

"కదలికలన్నీ తల్లికి తన్నినట్టే ఉంటాయి."

"నన్ను రోడ్డు మీద నడవనియ్యకుండ తన్నింది. మీరే చెయ్యి పెట్టి చూసిన్రు. భలే హుషారుగ ఉన్నదని మీరే అన్నరు."

కమలాదేవి ఫిల్మును కవరులో పెట్టి ఆమె వైపు జరిపింది. "నేను ఆ సమయంలో గదిలో లేను కదమ్మా" అంది.

"నేను గూడ గదే అంటున్న" అంది నిరోష.

డ్యూటీ డాక్టరమ్మ ఏదీ అని అడిగితే, పై చదువుకు వెళ్లిపోయిందన్నారు. ఏ ఊరో చెప్పలేదు. ఆయా కూడా కనిపించలేదు. పని మానేసి కొడుకు దగ్గరికి పోయిందట.

నిరోష మెడికల్ కౌన్సిల్‌లో ఫిర్యాదు పెట్టింది. పెద్ద డాక్టర్లు కొందరు కూర్చుని ఆమెను పిలిపించారు. మర్యాదగానే మాట్లాడారు. నొప్పుల్లో ఉన్న మనిషికి అంత చిన్న చప్పుడు ఎట్లా వినిపించిందని అడిగారు. నాకు వినిపించింది అని ఆమె చెప్పింది. ఆ మాట రాసుకున్నారో లేదో తెలియదు. చాలాకాలానికి జవాబు వచ్చింది. కాన్పులో కష్టం వచ్చిన మాట నిజమే, ఆ పరిస్థితిలో బిడ్డ ప్రాణం నిలబెట్టడమే ముఖ్యం, ఎవరి నిర్లక్ష్యమూ కనిపించలేదు అని అందులో సారాంశం.

ప్రేమ్ ఇక చాలన్నాడు. వాళ్లిద్దరి మధ్య పెద్ద మాటలు అప్పటిదాకా రాలేదు. ఆ రోజు వచ్చాయి.

"ఎంత కొట్లాడినా కాళ్లయితే రావు నిరోషా. ఉన్న బిడ్డను చూస్కుందం."

"కాళ్లు రావని నాకు తెల్వదా? ఒక్క మాట రావాలె. మా చేతుల్ల అయింది అని ఒక్కలన్న అనాలె. గంతే అడుగుతున్న."

"అనరు. ఎన్నడన్న అన్నరా ఎవలన్న?"

అతను అన్నది నిజమని ఆమెకు తెలుసు. అందుకే అతన్ని చాలా రోజులు క్షమించలేకపోయింది.

పిహెచ్.డి. కూడా అట్లాగే చేజారింది. గైడు అచ్యుతరామయ్యగారు మంచివాడే. ఒక ఏడాది గడువు ఇప్పించారు, తర్వాత ఇంకో ఏడాది. పాపకు గొట్టం వేయడం, కాళ్లూ చేతులూ ఆడించే వ్యాయామాలు, కఫం పట్టినప్పుడల్లా ఆసుపత్రి, వీటి మధ్యలో కాకతీయుల చెరువులు ఎండిపోయాయి. ఆయన రిటైరైన రోజున కబురు చేస్తే ఆమె వెళ్లలేదు. ఇప్పుడు తార్నాకలోనే ఒక కోచింగ్ సెంటర్లో, సర్కారు కొలువుల పరీక్షలు రాసే పిల్లలకు హిస్టరీ చెబుతోంది. బాగా చెబుతుందని పేరుంది. చెరువుల పాఠం వచ్చినప్పుడు మాత్రం గబగబా దాటించేస్తుందని పిల్లలు అనుకుంటారు.

ప్రేమ్ వర్క్‌షాపులో తనకు తెలిసిన పనినే ఇంట్లో పెట్టాడు. పాప నడుముకు ఆసరాగా పట్టీలున్న చక్రాల కుర్చీ చేశాడు, పాప పెరిగేకొద్దీ దాన్ని విప్పి పెంచాడు. కుర్చీ మూలలు పాప చర్మానికి ఒరుసుకోకుండా ప్రతిచోటా అరగదీసి మెత్తటి గుడ్డ చుట్టాడు. గీసుకున్నా పాపకు నొప్పి తెలియదు కదా, పుండయ్యేదాకా ఎవరికీ తెలియదు. వేలితో ప్రతి అంచునూ తడిమి చూసేవాడు. ఆ తడమడం చూసిన రోజున నిరోషకు అతని మీద కోపం కొంత తగ్గింది.

జెమీమాకు ఇప్పుడు అయిదేళ్లు. నోరు పెద్దది. పొద్దున్నే నిరోష కుర్చీ తోసుకుంటూ క్యాంపస్ రోడ్ల మీదికి తీసుకుపోతుంది. అక్కడ వాకింగుకు వచ్చేవాళ్లు ఆగి సలహాలు చెబుతారు. కేరళ వైద్యం చూపించారా అంటాడు ఒకాయన. ఏ జన్మలో ఏం పాపం చేసిందో అంటుంది ఇంకొకావిడ, పాప వినేట్టుగానే. పాప మాత్రం ఎదురొచ్చిన ప్రతివాళ్లకూ చెయ్యి ఊపుతుంది.

ఒకరోజు ఎదురుగా కమలాదేవి వచ్చింది. తెల్లటి బూట్లు వేసుకుని, పక్కనున్న వాళ్లతో ఏదో మాట్లాడుతూ. పాప చెయ్యి ఊపింది. కమలాదేవి కూడా నవ్వుతూ చెయ్యి ఊపింది. ఆ తర్వాతే కుర్చీ తోస్తున్నది ఎవరో చూసింది. చెయ్యి దించి, తల వంచుకుని పక్కనుంచి వెళ్లిపోయింది. మర్నాటినుంచి ఆ రోడ్డు మీద కనిపించలేదు. ఎవరమ్మా ఆమె అని జెమీమా అడిగితే, డాక్టరమ్మ అంది నిరోష. మంచి డాక్టరమ్మ, చెయ్యి ఊపింది అంది పాప.

పోయిన ఏడాది వాళ్ల పై వాటాలోకి హరిచందన అనే పిల్ల భర్తతో దిగింది. కాకినాడ వాళ్లు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. హరిచందనకు నాలుగో నెల. తీరిక దొరికితే కిందికి వచ్చి జెమీమాతో కబుర్లు చెప్పేది. ఒకరోజు, కమలాదేవిగారి దగ్గర చూపించుకుంటున్నాం, ఎలా చూస్తారక్కా అని అడిగింది. నిరోష అంతా చెప్పింది. పెళ్లికి వెళ్లిన సంగతి, లాగిన సంగతి, చప్పుడు, ఫిల్ము, ఏదీ దాచలేదు. అప్పటికి ఎంతోమందికి చెప్పింది గానీ, ఉపయోగపడేచోట చెప్పడం అదే మొదలు. హరిచందన కళ్లు తుడుచుకుంది, నిరోష చెయ్యి గట్టిగా పట్టుకుంది, మంచి మాట చెప్పావక్కా అని పైకి వెళ్లింది.

తర్వాత హరిచందన కిందికి రావడం తగ్గింది. కాన్పుకని ఊరి నుంచి తల్లి వచ్చింది. ఆవిడ నీళ్ల మోటారు దగ్గర కనిపించి, అందరికీ అలాగే జరగదు కదమ్మా, ఆవిడ చేతి మీదుగా ఎంతమంది పుట్టలేదూ, దగ్గర్లో ఉందని అక్కడికే వెళ్తున్నాం అంది. మాటలో కఠినమేమీ లేదు. నిరోష సరేనంది.

హరిచందనకు కమలాదేవి చేతుల మీదే కొడుకు పుట్టాడు. తల్లీ పిల్లాడూ క్షేమంగా ఇంటికి వచ్చారు. మర్నాడు మధ్యాహ్నం ఆ తల్లి కాజాల డబ్బాతో కిందికి వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"దేవుడి దయవల్ల ఏ ఇబ్బందీ లేదమ్మా. కమలాదేవిగారు పక్కనే ఉండి కన్నబిడ్డకు చేసినట్టు చేశారు" అంది. అని, కుర్చీలో ఉన్న పాపను చూసి, డబ్బా నిరోష చేతిలో పెట్టి వెళ్లింది.

పోచమ్మ ఆ డబ్బాను ముట్టుకోలేదు. జెమీమా ఏముంది అందులో అని ఒకటే అడగడం. నిరోష డబ్బా పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడింది. ఆ పిల్లాడు బాగున్నందుకు ఆమెకు నిజంగానే సంతోషంగా ఉంది. బాగుండాలనే కదా అంత చెప్పుకున్నది. కానీ రేపటినుంచి ఈ సందులో తన మాట ఇంకెవరూ వినరని కూడా ఆమెకు అర్థమైంది. చెడిపోయిన ఒక్క కాన్పు కంటే బాగైన ఒక్క కాన్పు మాటే గట్టిగా నిలుస్తుంది. ఈ రెండింటినీ ఒకేసారి మనసులో ఉంచుకోవడం ఆమెకు చేతకావడంలేదు.

డబ్బా తెరిచి పాపకు ఒక కాజా ఇచ్చింది. పాకం గడ్డం మీదికి కారుతుంటే జెమీమా తినేసి ఇంకోటి అడిగింది. నిరోష ఇంకోటి ఇచ్చి, గడ్డం తుడిచి, పాపకు గొట్టం వేసే టైమును అత్తకు గుర్తుచేసింది. కోచింగ్ సెంటర్లో క్లాసుకు వేళయింది. చేతులు కడుక్కుని, బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరింది.